మూడు తెరల మీద ఒకే కబురు

మా కంప్యూటర్ మాస్టారు పోయారని సోమవారం పొద్దున తెనాలి నుంచి ఫోన్. బాపట్లలో క్లాసు చెప్పడానికి బయల్దేరుతున్నదాన్ని, గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఏడ్చాను. ఏడుస్తుండగానే ఆయనతో పనిచేసిన రోజుల హుషారంతా ఒక్కసారి వచ్చి మీద పడింది. అదే మీతో చెప్పుకోవాలని.

నందివెలుగు రోడ్డులో ఆయన నడిపిన చిన్న సెంటర్లోనే నేను ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఆయన జేబులో ఓ నోటుబుక్కు ఉండేది. అందులో మా తప్పులు కాదు, ఏది ఎందుకు పనిచేసిందో రాసుకునేవారు.

రెండేళ్ల క్రితం రేపల్లెలో ఒక మత్స్యకారుల సంఘం వాళ్లు ఆయన్ని అడిగారు. వాతావరణ శాఖ నుంచి సముద్రంలో గాలి హెచ్చరిక రాగానే కంప్యూటర్ తెర మూలన కనిపించాలి, చూసి పడవలవాళ్లకి ఫోన్ చేస్తాం అని. ఆయన నన్ను పిలిచి, మనిద్దరి కంప్యూటర్లలోనూ రావాలన్నారు. సెంటర్లో విండోస్, రేపల్లెలో లైనక్స్, నా దగ్గర మాక్, మూడూ మూడు రకాల కంప్యూటర్లు.

"ఏంటి సార్, మూడు ప్రోగ్రాములు రాయాలా?"

"ఒక్కటే రాయమ్మా. ఏ మిషన్ మీద ఉన్నావో ముందు కనుక్కో. కబురు దాని చేతికివ్వు. చూపించే పని అదే చూసుకుంటుంది."

అలాగే రాశాను. విండోస్ మీద వచ్చింది. కబురు చూపించడానికి అనుమతి ఇచ్చాక మాక్ మీదా వచ్చింది. ఎగిరి గంతేశాను.

"మనకి కనిపిస్తే సరిపోదమ్మా, చూడాల్సినవాళ్లకి కనిపించాలి" అన్నారాయన.

ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్లాం. అక్కడ తెర మీద తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు! తెలుగు ఫాంట్ వేశాం. ఈసారి చక్కగా వచ్చింది గానీ, ఐదు సెకన్లలో మాయమైపోయింది.

"నేను టీకి వెళ్లొచ్చేలోపు పోతుంది కదండీ" అంది సంఘం గుమాస్తా.

మాస్టారి ముఖం వెలిగిపోయింది. "అదీ! అది చెప్పాలి తల్లీ!" అంటూ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. కబురుకి అత్యవసరం అని గుర్తు పెట్టాం. ఇక నొక్కితేగానీ పోలేదు.

ఆ వానాకాలం ఓ మధ్యాహ్నం నా తెర మీద నిజమైన హెచ్చరిక వచ్చింది. రేపల్లెకి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ చేశాను, ఎంగేజే. అక్కడ కనిపించిందో లేదో! రెండు గంటల తర్వాత మాస్టారే ఫోన్ చేశారు. సెంటర్లో కబురు చూడగానే ఉండబట్టలేక బండేసుకుని ఆ సంఘం పడవలుండే నిజాంపట్నం రేవుకి వెళ్లిపోయారట.

"ఆ గుమాస్తా అమ్మాయి చూసిందమ్మా! అప్పట్నుంచీ అందరికీ ఫోన్లు చేస్తూనే ఉందట. బయల్దేరబోయే పడవలన్నీ ఆగిపోయాయి! ఉండు, నువ్వే విను!"

ఫోన్ ఎత్తి పట్టుకున్నట్టున్నారు. గాలి హోరు, కట్టేసిన పడవలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు, మధ్యమధ్యలో ఆయన నవ్వు.