ముందు గదిలో ఇరవై ఆరు డిగ్రీలు

ఏలూరులో మేముండే ఇంటి ముందు గదిలో నాలుగడుగుల గాజుతొట్టి ఉంది. అందులో ఉన్నవి సముద్రపు నీళ్ళలాంటి ఉప్పునీళ్ళు. నారింజరంగు చేపలు రెండు, పసుపు చేప ఒకటి, రాళ్ళకు అంటుకుని పెరిగే పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగే రాయనుకుంటారు చాలామంది. బతికున్న పగడం పువ్వులా విచ్చుకుంటుంది, భయపడితే ముడుచుకుంటుంది. దానికి నీళ్ళ వేడి ఇరవై ఆరు డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. ఏలూరు ఎండల్లో ఆ ఇరవై ఆరు నిలబెట్టడం ఎంత కష్టమో నాకు మొదటి వేసవిలోనే తెలిసొచ్చింది.

నేను ఉంగుటూరు దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతాను. మావారు రోజూ తాడేపల్లిగూడెం వెళ్ళి ఉద్యోగం చేసి వస్తారు. తొట్టి కొన్న ఏడాదే మా అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. కైకలూరు అవతల చేపల చెరువుల మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. నాన్న పడవ తోస్తుంటే, నీళ్ళలో పాతిన కర్రలకు కట్టిన మేత సంచుల్లో తవుడు నింపేది. నాన్న పోయాక ఆ పడవా తనే తోసుకుంది. మోకాళ్ళు మొరాయించాకే మానింది.

తొట్టిని చూసి అమ్మ మొదట అన్నమాట ఒక్కటే. "సముద్రం చేపకి ఏలూర్లో ఏం పనే?"

నేను నవ్వాను. ఆ మే నెలలో థర్మామీటరు ముప్పై రెండు చూపించింది. నీళ్ళు చల్లబరిచే యంత్రం కొనే స్తోమత మాకు లేదు. వారం తిరిగేసరికి పగడాలు ఒక్కొక్కటే రంగు పోయి, సున్నం వేసినట్టు తెల్లబడిపోయాయి. నేను తొట్టి ముందు కూర్చుని ఏడ్చాను. అమ్మ పక్కన కూర్చుంది.

"గాలి తగలకుండా అద్దం మూత బిగించేశావేంటే? కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి మరి?" అంది.

పిల్లలకు ఏటా బోర్డు మీద రాసి చెప్పే పాఠమే అది. నీరు ఆవిరైతే చల్లబడుతుందని నేనే చెబుతాను. నా ఇంట్లో నాకు తట్టలేదు. మూత తీసేసి, చేపలు ఎగరకుండా దోమతెర గుడ్డ కట్టి, నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాం. మర్నాటికి మూడు డిగ్రీలు దిగింది. కానీ తొట్టిలో నీళ్ళు రోజూ రెండంగుళాలు తగ్గేవి. పోయేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది, అందుకే తరిగినంతా మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు పోయకూడదు అని అమ్మకు విడమరిచి చెప్పబోయాను.

"చారు మరిగితే ఉప్పెక్కదూ? అంతేగా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గాజు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసింది కూడా తనే. రోజూ పొద్దున ఫిల్టరు నీళ్ళు ఆ గీతదాకా పోసేది. మళ్ళీ కొత్త పగడాలు తెచ్చాను.

వానాకాలం వచ్చాక హమ్మయ్య అనుకున్నాను. బయట చల్లగా ఉన్నా తొట్టి మాత్రం మళ్ళీ వేడెక్కింది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని విప్పి తుడిచాను, మార్చాను. అమ్మ దండెం మీది చీర చేత్తో నొక్కి చూసి, "ముసురు పట్టి మూడ్రోజులైంది. బట్టలే ఆరట్లేదు, నీ నీళ్ళెక్కడ ఆరతాయమ్మాయ్?" అంది. తేమ నిండిన గాలిలోకి నీరు అంతగా ఆవిరి కాదు. తొట్టి మీది లైట్లు వెలిగే గంటలు తగ్గించాను. అమ్మ మేత తగ్గించింది. మబ్బు పట్టిన రోజున చెరువులో కూడా మేత తగ్గిస్తారట, నీళ్ళలో గాలి చాలదని.

డిసెంబరులో ఇబ్బంది ఇంకోవైపు నుంచి వచ్చింది. తెల్లవారేసరికి నీళ్ళు ఇరవై రెండుకు పడిపోయేవి. పెద్ద హీటరు ఒకటి కాకుండా చిన్నవి రెండు పెట్టాను. ఒకటి పాడై ఆరిపోకుండా వెలుగుతూ ఉండిపోయినా, చేపలు ఉడికిపోవు. అమ్మ దుప్పటి కప్పుకుని వచ్చి, ముందు థర్మామీటరు చూసి, ఆ తర్వాతే కాఫీ తాగేది.

ఇక ఆ ఏప్రిల్ సంగతి. పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళ్ళాను. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గరే పెట్టేయాలి. ముందురోజు గాలివానకు మా వీధిలో స్తంభాలు ఒరిగాయి. వాటిని నిలబెట్టడానికి పొద్దున తొమ్మిదింటికి కరెంటు తీశారు. సాయంత్రం అయిదుదాకా రాలేదు. ఇన్వర్టరు పదకొండున్నరకే చేతులెత్తేసింది. మావారు గూడెంలో, నేను పేపర్ల దగ్గర. ఇంట్లో అమ్మ ఒక్కతే.

నాలుగింటికి గేటు దాటి ఫోను తీసేసరికి అమ్మ దగ్గర్నుంచి ఒక్క కాలూ లేదు. పక్కింటావిడ మాత్రం నాలుగుసార్లు చేసింది. తిరిగి చేస్తే, "పొద్దున్నుంచీ కరెంటు లేదండీ. మీ అమ్మగారు ఆ తొట్టి దగ్గర్నుంచి కదలట్లేదు. నేను పోస్తానన్నా వినట్లేదండీ," అంది.

ఆటోలో వస్తున్నంతసేపూ తెల్లబడ్డ పగడాలే కళ్ళముందు కనిపించాయి.

తలుపు తీసే ఉంది. కిటికీలకు తడి దుప్పట్లు కట్టి ఉన్నాయి. అమ్మ స్టూలు మీద కూర్చుని, ప్లాస్టిక్ మగ్గుతో తొట్టిలో నీళ్ళు ముంచి, జానెడెత్తు నుంచి మళ్ళీ అందులోనే పోస్తోంది. నీళ్ళకు గాలి కలవాలని అలా చేస్తోంది. రాగి తగిలితే పగడాలు చస్తాయని నేనెప్పుడో అన్నమాట గుర్తుపెట్టుకుని, చేతికందే రాగిచెంబు ముట్టుకోలేదు. నీటి మీద మూత బిగించిన ఐసు సీసా తేలుతోంది.

"ఫ్రిజ్‌లో నువ్వు గడ్డకట్టించి పెట్టినవే. ఒక్కొక్కటే వేశాను. అన్నీ ఒక్కసారే వేస్తే చలికి బిగుసుకుపోవూ?" అంది.

గోడ మీది క్యాలెండరు చూశాను. ఆనాటి గడి పక్కన ఖాళీలో వంకర అంకెలు. ఇరవై ఆరున్నర, ఇరవై ఏడు, ఇరవై ఏడున్నర, ఇరవై ఎనిమిది, మళ్ళీ ఇరవై ఏడున్నర. గంటగంటకూ రాసింది. అమ్మ మూడో తరగతి దాటలేదు. నా లేబొరేటరీ రికార్డుల్లో ఎన్నడూ అంత శ్రద్ధగా రాసిన పేజీ లేదు.

"భోంచేశావా అమ్మా?"

"ఇదిగో, వీటి పనయ్యాక."

మగ్గు లాక్కున్నాను. అమ్మ కుడి చెయ్యి మోచేతిదాకా ఉప్పు తెల్లగా పేరుకుపోయి ఉంది. భుజం పైకి లేవడంలేదు. మూడు చేపలూ తిరుగుతున్నాయి. ఆకుపచ్చ పగడం ఒకటి ముడుచుకుపోయి నాలుగు రోజులు అలాగే ఉంది. అయిదో రోజు పొద్దున విచ్చుకుంది. అమ్మే చూసి కేకేసింది, "ఏవే, ఇది నోరు తెరిచింది!"

జూన్‌లో బడి తెరిచాక తొమ్మిదో తరగతికి ఆవిరి పాఠం చెప్పాల్సిన రోజున హెడ్‌మాస్టరు గారిని అడిగి, అమ్మను బస్సులో ఉంగుటూరు తీసుకెళ్ళాను. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, ముందు బోర్డు పక్కనే ఒదిగి నిలబడింది. కాసేపటికి తన మాటల్లోకి కుండ, చారు, దండెం మీద చీర, మేత సంచులు, కరెంటు పోయిన రోజు అన్నీ వచ్చేశాయి. నేను ఇరవై నిమిషాలు వెనక బెంచీలో కూర్చున్నాను. నా జీతంతో కొన్న ఏ వస్తువును చూసీ ఆ రోజు పడినంత గర్వం నేను పడలేదు.

చివర్లో ఒకమ్మాయి లేచి అడిగింది. "ఆ రోజు అయిదింటికి కూడా కరెంటు రాకపోతే ఏం చేసేవారండీ?"

"ఏముందమ్మా, వచ్చేదాకా పోసేదాన్ని," అంది మా అమ్మ.