దయామణి అక్క తప్పు రాసిన జవాబు

మొన్న ఆదివారం చర్చి కింది హాల్లోకి దిగుతుంటే, అల్యూమినియం ట్రేల మూతలు తీసిన పలావు వాసన గుప్పున ముఖానికి కొట్టింది. ఎవరో కుర్ర దంపతులు కృతజ్ఞత కూడిక పెట్టారు. దేనికయ్యా అంటే గ్రీన్‌కార్డు వచ్చిందన్నారు. కిందటి నెల ఒకరు కొత్త ఇంటికి పెట్టారు, అంతకు ముందు ఇంకొకరు కొత్త కారుకి. దేవుడికి థాంక్స్ చెప్పడం తప్పని నేననను. కానీ చేతికి ఏదో వస్తే తప్ప నోరు విప్పని ఈ కృతజ్ఞత చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముసలి చాదస్తం అనుకుంటే అనుకోండి. పరీక్ష తప్పి కృతజ్ఞత కూడిక పెట్టిన మనిషిని నేనెరుగుదును.

దయామణి అక్క నాకు రక్తసంబంధం కాదు. గుంటూరు జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో పదిహేనేళ్లు నర్సుగా చేసింది. కంటిచూపుతో వార్డు నడిపిన మనిషి. భర్త పోయాక, పదకొండేళ్ల కూతురు శాంతిని తన అక్కగారింట్లో ఉంచి, డెబ్బైల చివర్లో డెట్రాయిట్ పక్కన ఒక ఆసుపత్రికి వచ్చింది. ఇక్కడి లైసెన్సు పరీక్ష పాసయ్యేదాకా ఆమె నర్సు కాదు, నర్సులకు సహాయకురాలు. పక్కలు మార్చాలి, బెడ్‌పాన్‌లు కడగాలి. పాసైతే కూతుర్ని తెచ్చుకోవచ్చు. గడువులోగా పాసవకపోతే వీసా పోతుంది, తిరిగి విమానం ఎక్కాల్సిందే.

మా ఆవిడ లిల్లీ అదే ఆసుపత్రిలో నర్సు, అప్పటికే పాసైంది. నేను ఆమె వెనక వచ్చినవాణ్ణి. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, కారు విడిభాగాల ఫ్యాక్టరీలో డ్రిల్లింగ్ మిషన్ మీద నిలబడేవాణ్ణి. డబ్బున్నవాళ్ల పేట ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే మన డాక్టర్లు, ఇంజనీర్లు నన్ను పరిచయం చేసే తీరు ఒకటే: "ఈయన లిల్లీ సిస్టర్ హజ్బెండ్." నాకు ప్రకాశం అని ఒక పేరుందని వాళ్లకు తట్టేది కాదు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

మొదటిసారి ఫలితాలు వచ్చిన వారం అక్క అందరికీ ఫోన్ చేసి, శనివారం తన అపార్ట్‌మెంట్‌లో కృతజ్ఞత కూడిక, రమ్మంది. పాసైందనే అనుకున్నాం. ఇంకేమనుకుంటాం? నేను బేకరీకి వెళ్లి, కంగ్రాచ్యులేషన్స్ అని క్రీముతో రాయించిన కేకు పట్టుకెళ్లాను. పాటలయ్యాయి, ప్రార్థనయింది. మా కూడికకు పెద్ద అయిన ఇంజనీరు జాన్‌బాబు గారు గొంతు సవరించుకుని అడిగారు.

"స్కోరెంత వచ్చింది సిస్టర్?"

"ఫెయిలయ్యానండి. అయిదు పేపర్లలో రెండు పోయినయ్."

"మరి... ఈ కూడిక?" అన్నారాయన.

"ముందే ఖాయం చేసుకున్నానండీ, ఏదొచ్చినా పెట్టాలని. మార్కుల్ని బట్టి మాట్లాడ్డానికి దేవుడేమన్నా నా పేపర్లు దిద్దే మాస్టారా?" అని, నా వైపు తిరిగింది. "ఏంది తమ్ముడూ, ఆ డబ్బా వెనక్కి దాస్తున్నావ్? తియ్, తియ్. మధ్యలో కేకేం పాపం చేసింది?"

ఆ అక్షరాల నడిమి నుంచే కోసి అందరికీ పంచింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం రెండు ముక్కలు తిన్నది.

రెండోసారికి ఒక పేపరు గట్టెక్కింది. మానసిక రోగులకు సంబంధించినది మళ్లీ పోయింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం. సాయంత్రాలు మా వంటగదిలో నేను ప్రశ్నల పుస్తకం చదివేవాణ్ణి, ఆమె బీన్స్ తరుగుతూ జవాబు చెప్పేది. తెలియని మాటలన్నీ నిఘంటువులో వెతికేవాణ్ణి. నా ఇంగ్లిష్ చదువు అదే. ఆ పేపరులో ప్రశ్నలు ఇలా ఉండేవి: రోగి "ఇంకెందుకు ఈ బతుకు" అన్నాడు, అప్పుడు నర్సు ఏమనాలి? కింద నాలుగు జవాబులు. అక్క ప్రతిసారీ "అధైర్యపడకండి, అంతా బాగవుతుంది" అన్నదాన్నే పట్టుకునేది.

"తప్పక్కా."

"ఎట్టా తప్పు? ఏడ్చేవాడికి ధైర్యం చెప్పొద్దా?"

"అట్లా చెబితే వాడి నోరు మూసేసినట్టట. మీకేమనిపిస్తోందో చెప్పండి అని అడగాలట."

"ఈ పుస్తకం రాసినోడికి విశ్వాసం లేదు తమ్ముడూ. పదిహేనేళ్లు వార్డులో ఇదే చెప్పా. ఒక్కరన్నా కాదన్లేదు."

"అనడానికి నువ్వు సందిస్తేగా వదినా!" అంది లిల్లీ పొయ్యి దగ్గర్నుంచి. ముగ్గురం నవ్వుకున్నాం గానీ, ఆ జవాబు మాత్రం ఆమె మార్చుకోలేదు. దాన్ని వదిలితే దేవుణ్ణి వదిలినట్టే అనుకునేది.

ఎనభైల మొదట్లో కార్ల పరిశ్రమ కుంగిపోయి, ఫ్యాక్టరీలు వరసగా మనుషుల్ని తీసేశాయి. ఒక శుక్రవారం నా టైమ్‌కార్డు పక్కన, పనిలోంచి తీసేశామన్న కాగితం పెట్టి ఉంది. కింద సంతకం కూడా అచ్చేసిందే. ఏడేళ్లు పనిచేసినవాడికి చేత్తో ఒక సంతకం పెట్టే తీరిక లేకపోయింది! ఆ సాయంత్రమే జాన్‌బాబు గారు వచ్చి, "అంతా మన మేలుకే బ్రదర్" అని కాఫీ తాగి వెళ్లారు. ఆయన ఉద్యోగం పోలేదు. పోనివాడికి మేలు కనబడటం ఏమంత కష్టం?

మర్నాడు మధ్యాహ్నం అక్క డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చింది. గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "దేవుడున్నాడు తమ్ముడూ, అధైర్యపడమాక, అంతా..."

"ఆపక్కా!" అని అరిచాను. "ఇదే నువ్వు తప్పు రాసే జవాబు! ఎందుకు తప్పో ఇప్పుడన్నా తెలిసిందా?"

ఆమె మొహం చిన్నబోయింది. వెళ్లిపోతుందనుకున్నాను. సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుని, నా ఎదురుగా కూర్చుంది. తర్వాత, "సరే. ఏం జరిగిందో చెప్పు" అంది.

చెప్పాను. ఆ కాగితం గురించే కాదు, ఏడో తరగతి గురించి, పేరు లేకుండా పార్టీల్లో నిలబడటం గురించి, భార్య సంపాదన మీద అన్నం తినాలంటే గొంతు దిగకపోవడం గురించి. లిల్లీకి కూడా చెప్పనివి. అక్క మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు, ఒక్క బైబిలు వాక్యం ఎత్తలేదు. అంతా విని, నెమ్మదిగా అంది: "ఎవరన్నా ఏడిస్తే నాకు భయం తమ్ముడూ. అందుకే గబగబా దేవుణ్ణి అడ్డం పెట్టేదాన్ని. ఆయనున్నాడని నిజంగా నమ్మితే నాకంత తొందరెందుకు?"

వెళ్లేముందు, "ప్రార్థన చెయ్యనా, వద్దా?" అని అడిగింది. అంతకు ముందెప్పుడూ అడిగేది కాదు, చేసేసేది. చెయ్యమన్నాను.

నేను లైబ్రరీలో కూర్చుని చదువుకుని, చలికాలం భవనాలు వెచ్చబెట్టే బాయిలర్ నడిపే లైసెన్సు తెచ్చుకుని, ఒక స్కూల్లో పనికి కుదిరాను. మూడోసారికి అక్క పాసైంది. కాగితాలన్నీ తెమిలి శాంతి వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది. ఎయిర్‌పోర్టుకు నేనే డ్రైవ్ చేశాను. పదిహేనేళ్ల పిల్ల పొడుగ్గా నడిచి వచ్చింది. అక్క చేతులు చాపి ముందుకెళ్తే, పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాలుగేళ్లు," అంది. "ప్రతి ఉత్తరంలో దేవుడు చూసుకుంటాడు, దేవుడు చూసుకుంటాడు అని రాశావ్. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా అదే రాశావ్."

నాకు తిక్కరేగింది. నీ కోసం మీ అమ్మ ఎన్ని బెడ్‌పాన్‌లు కడిగిందో తెలుసా అనబోయాను. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. సామాను తిరిగే బెల్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని, పక్క కుర్చీ చూపించింది.

"కూర్చోమ్మా. ఎన్ని రోజులు పడుకున్నావ్? దగ్గరెవరున్నారు?"

"పెద్దమ్మ రాసిందిగా నీకు."

"పెద్దమ్మ రాసింది. నువ్వు చెప్పు."

పిల్ల నిలబడే మొదలుపెట్టింది. కొంతసేపటికి కూర్చుంది. జ్వరం గురించి, బళ్లో అందరూ అమ్మ లేని పిల్ల అనడం గురించి, ఉత్తరాలు చింపేయడం గురించి చెప్పింది. అందరి పెట్టెలూ వెళ్లిపోయాక శాంతి పెట్టె ఒక్కటే తిరుగుతూ ఉండిపోయింది. అక్క కళ్లనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, ఒక్క మాట అడ్డం చెప్పలేదు. నేను పెట్టె దించి తెచ్చేసరికి, శాంతి తల అమ్మ భుజం మీద ఉంది. ఇంకా తిడుతూనే ఉంది.

అక్క పోయి చాలా ఏళ్లయింది. చివరిదాకా ఆమెకు రేపటి మీద ఆశ తగ్గగా నేను చూడలేదు. అంత విశ్వాసం నాకుందంటే అబద్ధం. కోపం మాత్రం పుష్కలంగా ఉంది. అయినా ఎవరైనా కష్టంతో మా ఇంటికొస్తే, నాలుక చివరికొచ్చిన సలహాను మింగి ఎదురుగా కూర్చుంటాను. వాళ్లు చెప్పుకోవడం అయ్యాక, ప్రార్థన చెయ్యనా వద్దా అని అడుగుతాను. వద్దనేవాళ్లూ ఉంటారు. వాళ్లకి టీ పెడతాను.