రివర్స్ లేని మామిడి లారీ

ఆ రోజుల్లో నన్నెవరైనా "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే "గేమ్ చేస్తున్నాను" అనేదాన్ని. "ఎంతవరకు వచ్చింది?" అంటే "అయిపోవచ్చింది" అనేదాన్ని. ఈ రెండో జవాబు ఏకంగా ఎనిమిది నెలలు చెప్పాను. బోనాలకు చెప్పాను, దసరాకు చెప్పాను, శివరాత్రి జాగారంలో కూడా చెప్పాను (దేవుడు వింటున్నాడన్న భయమైనా లేకుండా). చెప్పీ చెప్పీ చివరికి నేనే నమ్మేశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గు కంటే ముందు ఆశ్చర్యం వేస్తుంది, ఇంత పిరికిదాన్ని అంత ధైర్యంగా ఎలా అబద్ధమాడానా అని.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పైపోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మా నాయిన నల్గొండ పక్క ఊరి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా లారీ నడుపుతున్నాడు. ఎండాకాలమంతా మామిడికాయ లోడు, బాటసింగారం పండ్ల మార్కెట్‌కు. ఆ లారీ మా గల్లీలోకి ఏనాడూ రాలేదు. ఎల్బీ నగర్ అవతల రోడ్డు పక్కన ఆపి, భుజాన తువ్వాల వేసుకుని షేర్ ఆటోలో ఇంటికి వచ్చేవాడు. అమ్మతో కలిసి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళినప్పుడు రోడ్డుకు ఇవతల నిలబడి చూసిన లారీయే నాకు తెలిసిన లారీ. నేనేమో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేసేదాన్ని. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టడం. అందులో నాకు మంచి పేరుండేది. ఆ పేరు చూసుకునే, వీళ్ళందరికంటే నేనే బాగా చేయగలనన్న పొగరు తలకెక్కి, ఉద్యోగం మానేసి సొంతంగా ఫోన్ గేమ్ చేస్తానని ఇంట్లో ప్రకటించాను. అమ్మ తల పట్టుకుంది. నాయిన మాత్రం, "ఒక్క ఏడాది బిడ్డా. అటెనుక మళ్ళ నౌకరి" అన్నాడు. ఆ ఒక్క ఏడాది కాస్తా రెండేళ్ళయింది.

మొదలుపెట్టడంలో నన్ను మించినవాళ్ళు ఈ తూర్పు హైదరాబాద్‌లో లేరని ఇప్పటికీ నా నమ్మకం. ముందు పతంగుల గేమ్ మొదలుపెట్టాను. మాంజా తెగే శబ్దం దాకా వచ్చింది, పతంగి రాలేదు. తర్వాత పిల్లి గేమ్. అందులో పిల్లి తోక ఒక్కటే పూర్తయింది (తోక మాత్రం అద్భుతంగా ఊగేది, ఎవరికి చూపించినా తోకను మెచ్చుకునేవారు). పెద్ద కంపెనీల్లో బొమ్మలకొకరు, శబ్దాలకొకరు, కోడ్‌కొకరు ఉంటారు. ఇక్కడ అన్నీ నేనే. మేనేజర్‌ను కూడా నేనే. ఆ మేనేజర్ చాలా మంచి మనిషి, గడువు ఎన్నిసార్లు పొడిగించమన్నా మొహం చిట్లించకుండా పొడిగించేది.

చివరికి కుదురుగా పట్టుకున్నది మామిడి లారీ గేమ్. మా నాయిన పనే కదా, నాకు తెలియంది ఏముందిలే అనుకున్నాను. లారీ ఊరి తోటలో బయల్దేరి, హైవే ఎక్కి, మార్కెట్‌కు చేరాలి. అంతే. ఈ అంతేలో నేను వాన పెట్టాను. అద్దం మీద చినుకు పడి, పక్క చినుకుతో కలిసి, గీతలా జారే వాన. నాలుగు నెలలు పట్టింది. హారన్‌లో ఏడు రకాలు పెట్టాను. వెనక లోడు మీద కప్పే తాటిపత్రి గాలికి ఎలా కొట్టుకోవాలన్నదానికి ఒక నెల. ఇన్ని పెట్టినదాన్ని గేమ్ చివర ఏం జరగాలన్నది మాత్రం రేపు చూద్దాంలే అని వదిలేస్తూ వచ్చాను.

ఒక గురువారం సాయంత్రం నాయిన కాళ్ళు కడుక్కుని, చాయ్ గ్లాసు పట్టుకుని, మామూలు కబురులా చెప్పాడు.

"ఆయితారం మా డ్రైవర్లు ఆరుగురు ఒస్తున్నరు బిడ్డా. నీ ఆట సూస్తరట. మీసాల పెదనాయిన గూడ ఒస్తుండు."

నా చేతిలో ఉన్న ప్లేటు కింద పడింది. మీసాల పెదనాయిన అంటే నాయినకు స్టీరింగ్ పట్టడం నేర్పినాయన. ఆయన ముందు మా నాయిన ఇప్పటికీ కుర్చీలో కూర్చోడు. "నా బిడ్డ మన లారీ మీద ఆట తయారుజేసింది, అయిపోయింది" అని వాళ్ళందరికీ ఎప్పుడో చెప్పాడట. అయిపోయిందని నేనే కదా చెప్పింది! ఇప్పుడు అబద్ధం నాది, మాట నాయినది. ఆరుగురు డ్రైవర్ల ముందు, అందులోనూ గురువు ముందు, నాయిన మాట పోతుంది.

మూడు రోజులున్నాయి. బుద్ధున్నవాళ్ళెవరైనా ఆ మూడు రోజుల్లో గేమ్‌కు ఒక చివర తగిలిస్తారు. నేను లారీ ముందు వేలాడే నిమ్మకాయ మిరపకాయల దండ చేశాను. బ్రేక్ వేసినప్పుడు ముందుకు, గేరు మార్చినప్పుడు వెనక్కి ఊగాలి కదా మరి! (ఎందుకు చేశానని నన్ను అడగకండి. అప్పుడు చాలా అవసరమనిపించింది.)

ఆదివారం పొద్దున పదింటికి వచ్చారు. మా గదిలో పట్టరని కింద ఓనరమ్మగారు తన హాలు ఇచ్చారు. ఆవిడది గోదావరి జిల్లా. "మా పెద్ద టీవీకి తగిలించుకోమ్మా, అందరికీ కనపడుతుంది. నేనూ చూస్తాను, మీ నాన్నగారు తెగ చెప్తున్నారుగా!" అన్నారు. పెద్ద టీవీ అంటే నా తప్పులన్నీ కూడా పెద్దగానే కనిపిస్తాయి.

ఫోన్‌ను టీవీకి తగిలించి పెదనాయిన చేతిలో పెట్టాను. నాయిన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. హారన్ మోగగానే అందరూ "అబ్బా!" అన్నారు. దండ ఊగగానే ఒకాయన చప్పట్లు కొట్టాడు. నాయిన నావైపు చూసి గర్వంగా తలాడించాడు. ఆ తలాడింపుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతలో వాన మొదలైంది. టీవీలో నా నాలుగు నెలల వాన. ఓనరమ్మగారు "ఎంత బాగుందో!" అన్నారు. డ్రైవర్లు మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మామిడికాయ సీజన్ల గింత వాన ఏంది బిడ్డా?" అన్నాడు పెదనాయిన. "గింత వాన గొడితే తోటల కాయ ఉంటదా? లారీల లోడెక్కడిది?"

నాలుగు నెలల్లో ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. అసలు పిడుగు ఇంకా పడలేదు. పెదనాయిన లారీని నిదానంగా మార్కెట్ గేటు దాటించాడు, షెడ్డు ముందు ఆపాడు. తర్వాత ఫోన్ అటూ ఇటూ తిప్పి వెతికాడు.

"ఇగ ఎనుకకు పెట్టాలె. రివర్స్ ఏది?"

"రివర్సా?" అన్నాను.

"మరి? లోడు ఎనుకనుంచి గదా దించుతరు. మూతి షెడ్డుకు పెడితే కాయ ఎట్ల దించుతరు?"

నా గేమ్‌లో రివర్స్ లేదు. రెండేళ్ళు, ఏడు హారన్లు, ఊగే నిమ్మకాయలు ఉన్నాయి, రివర్స్ గేరు లేదు. లారీ డ్రైవర్ కూతుర్ని, లారీ వెనక్కి కూడా పోతుందన్న సంగతే మర్చిపోయాను. మర్చిపోవడం కూడా కాదు, రోడ్డుకు ఇవతల నుంచి చూసే నాకు అది ఎప్పుడూ ముందుకే పోతూ కనిపించింది. ఒకాయన నవ్వాపుకోలేక దగ్గాడు. నేను నాయినవైపు చూడలేకపోయాను. అప్పుడు నాయిన లేచి, పెదనాయిన చేతిలో నుంచి ఫోన్ తీసుకుని, "ఇంక అయిపోలేదన్నా. ఒగ నెల అయితది. నేనే తొందరపడి పిలిచిన" అన్నాడు. తప్పు తన మీద వేసుకుని అందరికీ చాయ్ తెమ్మన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాయిన వచ్చి పక్కన కూర్చున్నాడు. "అబద్ధం చెప్పిన నాయినా. ఎనిమిది నెలల సంది అయిపోలేదు" అన్నాను.

"నాకెరుకే" అన్నాడు.

ఆ రోజు తిన్న షాకుల్లో అన్నిటికంటే పెద్దది అదే. "ఎట్ల ఎరుక?"

"లోడు దించినోడు ఇంటికొచ్చి కంటినిండ నిద్రపోతడు. నువ్వు రెండేండ్ల సంది సక్కగ పంటలేవు. ఎవలో సూడనీకి ఒస్తున్నరంటెనన్న నువ్వు గూడ నీ లోడు దించుతవేమో అని పిలిచిన." లేచి, "రేపు నాతోని లారీల ఒస్తవా?" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి "ఆడపిల్ల లారీల పోవుడేంది!" అని కేక వేసింది. "లారీ ఆట జేసేటప్పుడు ఆడపిల్ల గాదా?" అన్నాడు నాయిన.

మర్నాడు బాటసింగారంలో, ఇరవై ఆరేళ్ళు వచ్చాక మొదటిసారి, మా నాయిన లారీ వెనక్కి తీయడం చూశాను. రేడియో ఆపేశాడు. అద్దం వైపు చూడనే లేదు. సగం ఒళ్ళు డోరులోంచి బయటికి పెట్టి చెవి మాత్రం వెనక్కి పెట్టాడు. వెనక నాయిన ఈడు క్లీనర్ మామ చేత్తో లారీ బాడీ మీద కొడుతూ "రానీ... రానీ... జర లెఫ్ట్ కొట్టు... రానీ..." అంటున్నాడు. ఒక పక్క ఇంకో లారీ, ఒక పక్క కాయల కుప్ప, మధ్యలో బెత్తెడు జాగా. గట్టిగా రెండు దెబ్బలు పడగానే నాయిన బ్రేక్ తొక్కాడు. దిగి చూస్తే షెడ్డు గట్టుకు లారీకి మధ్య నా చెయ్యి పట్టేంత సందుంది. ఇదే మా నాయిన పని. ముందుకు నడపడం కాదు, ఇది. ఇన్నేళ్ళూ ఆయన ఇంటికి తెచ్చిన తువ్వాల చెమటంతా ఇక్కడిదే. నాకు తెలియంది ఏముందిలే అనుకున్నానే, ఏమీ తెలియదు.

ఇంటికొచ్చి వాన తీసేశాను. హైవే తీసేశాను, తోట తీసేశాను, ఏడు హారన్లలో ఆరు తీసేశాను. తీస్తుంటే ప్రాణం పోతున్నట్టే ఉండేది గానీ, వింతగా, తీసినకొద్దీ గేమ్ ముగింపుకు దగ్గరపడింది. మిగిలింది ఒక్కటే, లారీని వెనక్కి పెట్టడం. పన్నెండు షెడ్లు. క్లీనర్ మామ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చాను. ఆరు వారాల్లో అయిపోయింది. అయిపోవచ్చింది కాదు, అయిపోయింది. జనంలోకి వదిలిన రోజు ఇంక చేయడానికి ఏమీ లేదని తెలిసి, బస్సులో సంచి మర్చిపోయి దిగినదానిలా గదంతా తిరిగాను. మూడో రోజు ఎవరో తెలియని మనిషి గేమ్ కింద మొదటి కామెంట్ రాశాడు: "బాగుంది కానీ ముందుకు పోవడానికి బటన్ ఏది?"

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం నాయిన చేతికి ఫోన్ ఇచ్చాను. ఇరవై ఏళ్ళు లోడ్లు దించిన మనిషి మొదటి షెడ్డు దగ్గరే ఆరుసార్లు లారీని గోడకు కొట్టాడు. "నీ లారీల ఏదో లోపముంది" అని నన్ను తిట్టాడు. ఏడోసారి పళ్ళు బిగించి, తల పక్కకు వంచి, ఫోన్‌లో మామ గొంతు వింటూ అంగుళం అంగుళం వెనక్కి తెచ్చాడు. దగ్గరికొచ్చాక ఆపేశాడు. అనుమానంగా చూశాడు. "ఆగు, దిగి సూసొస్త" అని ఫోన్ మంచం మీద పెట్టి, లేచి, చెప్పులు తొడుక్కుని గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. మెల్లగా నావైపు తిరిగాడు. ఆ మొహంలో ఉన్న ఆశ్చర్యం నేనెప్పుడూ ఎక్కడా చూడలేదు.

"నవ్వకు" అన్నాడు.

నేను నవ్వలేదు. ఇప్పుడు మళ్ళీ ఉద్యోగం చేస్తున్నాను, తీరిక దొరికితే ఏదో ఒక గేమ్ మొదలుపెడతాను, వాటిలో చాలావరకు అలాగే ఆగిపోతాయి. కానీ ఆ మధ్యాహ్నం అలా నోరు తెరుచుకుని కూర్చున్న అప్పటి నేననే ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని నిలబడ్డ నాయినను చూస్తూ ఎంతసేపు కూర్చుందో పాపం, ఫోన్ స్క్రీన్ దానంతటదే ఆరిపోయింది.