ఎర్ర గీత మగ్గు

ఉదయం ఆరుంబావుకు నాంపల్లి స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో టీ వచ్చింది. ఒకే టీ, రెండు కప్పుల్లో సగం సగం. 1997 డిసెంబరు. కశ్మీర్ సరిహద్దులోని కుప్వారా నుంచి అప్పుడే దిగాను. భుజాన కిట్‌బ్యాగు, ఒంటిమీద ఇంకా అక్కడి ఉన్ని కోటు. నన్ను తీసుకెళ్లడానికి వచ్చినవాడు కొత్త డ్యూటీలో మా వైర్‌లెస్ ఆపరేటర్. మెదక్ మనిషి.

"వన్ బై టూ తాగితేనే దోస్తానా అన్నా. నిండు కప్పు సుట్టాలకు," అన్నాడు.

మా పని చిన్నది. సెలవు మీద వచ్చిపోయే జవాన్లను బండి ఎక్కించడం. స్టేషన్‌లో ఒక గది, నలుగురం, ఒక వైర్‌లెస్ సెట్. బండి కదలగానే ఆపరేటర్ సెట్‌లో సికింద్రాబాద్ ఆఫీసుకు చెప్పేవాడు: "అందరు ఎక్కిన్రు. ఓవర్."

ఫిబ్రవరిలో మా హవల్దార్ భార్యకు ఆపరేషన్. రక్తం కావాలన్నారు. ముందు చెయ్యి ఎత్తింది ఆపరేటరే. పరీక్షలో హెచ్ఐవీ బయటపడింది. డాక్టర్ హవల్దార్‌కు మాత్రమే చెప్పాడు. సాయంత్రానికి గదిలో అందరికీ తెలిసింది.

మర్నాడు ఆపరేటర్ మగ్గు మీద ఎర్ర గీత. కిట్ పెట్టెల మీద నంబర్లు వేసే రంగు. హవల్దారే వేశాడు.

"ముట్టుకుంటే రాదంట సాబ్," అన్నాను.

"డాక్టర్ గీడ పండుకుంటడా? నేను పండుకుంట. నాకు పిల్లలున్నరు."

ఆపరేటర్ ఒక్కటే అడిగాడు. "మగ్గు మీద ఏమన్న గీస్కోండ్రి సాబ్. సెట్ మాత్రం గుంజుకోకుండ్రి. అది చేతుల ఉంటేనే నేను సిపాయిని."

వారం తిరగకముందే గుంజుకున్నారు. హెడ్‌ఫోన్‌ను స్పిరిట్‌తో తుడిచి నాకిచ్చారు. పుణె మిలిటరీ ఆసుపత్రికి పంపే ఉత్తర్వు వచ్చేదాకా అతణ్ణి ప్లాట్‌ఫాం చివర సామాన్ల గదికి కాపలా పెట్టారు. డ్యూటీ దిగాక మేమిద్దరం ఎప్పటిలాగే హోటల్‌కు పోయి వన్ బై టూ చెప్పేవాళ్లం. కొద్దిరోజులకే నా మగ్గు మీదా గీత పడింది.

అది చూసి అతను నవ్వాడు. "నా లొల్లిల నువ్వెందుకే అన్నా? ఇగ మనం సుట్టాలం. నిండు కప్పు తాగు పో."

మార్చిలో, పుణె మీదుగా పోయే ముంబై బండి. అతని పక్క బెర్తుల జవాన్లిద్దరు హవల్దార్‌ను అడిగి వేరే పెట్టెలోకి మారారు. నేను సెట్ పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. బండి కదిలింది. అతను చెయ్యి ఊపలేదు. మగ్గును కిటికీ ఊచలకు ఆనించి పట్టుకున్నాడు, గీత నా వైపు తిప్పి.

సికింద్రాబాద్ అడిగింది: "అందరు ఎక్కిన్రా? ఓవర్."

"ఎక్కిన్రు. ఓవర్."

ఆ ఏడాదే పుణెలో పోయాడు. హవల్దార్ భార్య వేరేవాళ్ల రక్తంతో కోలుకుంది. 2002లో నేను యూనిఫాం విప్పి అబిడ్స్‌లోని మా ఇంటికి వచ్చేశాను. ఇరుగుపొరుగు సరిహద్దు కథలు అడుగుతారు. మంచు గురించి చెబుతాను. కళ్ల ముందు మాత్రం ఊచల వెనక ఆ గీతే ఉంటుంది.

హోటల్ అక్కడే ఉంది. వెళ్తుంటాను. వన్ బై టూ చెప్పడం మానేశాను.