లాంచీ ఆగిన సాయంత్రం

మాచర్ల నుంచి బస్సులో రేవుకు ముప్పావు గంట, అక్కడి నుంచి లాంచీలో ఇంకో గంట. నాగార్జునకొండ దీవి అంత దగ్గర. అయినా పెళ్ళయి వచ్చిన ఇరవై రెండేళ్ళలో నేను ఒక్కసారీ వెళ్ళలేదు. జాకెట్లు కుట్టుకుంటూ మా సందులోనే ఉండిపోయాను. మిషను ముందున్న కిటికీలోంచి చూస్తే ఆరడుగుల దూరంలో పక్కింటి గోడ. మొన్న కార్తీకానికి ముందు కళ్ళు మంటలు పుట్టి డాక్టరు దగ్గరికి వెళ్తే, చుక్కల మందు రాసిచ్చి, "మధ్యమధ్యలో దూరంగా ఉన్నవి చూస్తుండమ్మా" అన్నాడు. ఆ మాట పక్కింటి పిన్నికి చెప్పి నవ్వాను. మా సందులో దూరంగా ఉన్నదేముంది?

పిన్ని నవ్వలేదు. "అయితే దీవికి పోదాం పద. వనభోజనం చేసినట్టూ ఉంటది" అంది.

ఆమె నాకు చుట్టం కాదు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. మా ఆయన చనిపోయిన ఏడాది, నేను లేవలేని రోజుల్లో, మా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆమే. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది.

ఆదివారం పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళాం. రాతిబొమ్మలు చూశాం, చెట్టుకింద తిన్నాం, పిన్ని కాసేపు కునుకు కూడా తీసింది. నాలుగింటికి ఆఖరి లాంచీ. మేం రేవుకొచ్చేసరికి గాలి లేచింది. లాంచీ కట్టిన తాళ్ళు కిర్రుమంటున్నాయి. దాన్ని నడిపే నెరిసిన మీసాలాయన ఇంజను ఆపేసి మెట్టు మీద కూర్చున్నాడు. గాలి తగ్గందే తియ్యనన్నాడు.

జనం గొడవకు దిగారు. అందరికంటే ముందు పిన్ని.

"ఏందయ్యా నువ్వు! ఈపాటి గాలికే బెదిరితే లాంచీ ఎందుకు నడపటం? ఇంటికాడ గేదె అరుస్తుంటది. పాలు నువ్వొచ్చి పిండుతావా?"

"ఒక పూట అరిస్తే ఏం గాదులే పెద్దమ్మా. ఇంతమంది పాణాలు నా చేతిలో ఉండాయి. ఎన్ని తిట్లైనా తింటా గానీ, తియ్యను."

నాకూ కోపంగానే ఉంది. మర్నాటికి ఇవ్వాల్సిన పెళ్ళి జాకెట్లు కళ్ళముందు మెదిలాయి. సిగ్నల్ దొరికిన చోట నిలబడి, గేదె సంగతి చూడమని ఎదురింటి అమ్మాయికి ఫోను చేశాను.

గంట గడిచాక ఆయనే మా దగ్గరికొచ్చాడు. "ఇక్కడ కూకొని నన్ను తిట్టే బదులు ఆ పడమటి అంచుకి పోండమ్మా. ఐదున్నర దాటినాక పొద్దుగూకిద్ది. రోజూ నాలుగింటికే అందరం ఎళ్ళిపోతాం. ఇక్కణ్ణించి చూసినోళ్ళు చానా తక్కువ. గాలి తగ్గంగానే హారన్ కొడతా."

వెళ్ళి రాళ్ళమీద కూర్చున్నాం. ఎదురుగా గోడ లేదు. నీళ్ళు, వాటి అవతల నల్లమల కొండలు, అంతే. గాలికి నీళ్ళు చెదిరి, ఎండ వాటిమీద చమ్కీలు కుట్టినట్టు మెరుస్తోంది. సూర్యుడు కొండల మీదికి దిగి, సాగి, కుంకుమ రంగుకు తిరిగాడు. ఆ తర్వాత ఎంత తొందరగా వెళ్ళిపోయాడో! నా కళ్ళవెంట నీళ్ళు కారాయి. మంట వల్ల కాదు.

పిన్ని ఇంకా కొండలవైపే చూస్తోంది. "పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించి చేలోనే ఉన్నా. పొద్దుగూకుతుందంటే ఇంటికి ఉరకటమేనే. ఎప్పుడైనా నిలబడి చూశానా?" అంది.

చీకటి పడుతుండగా గాలి నెమ్మదించింది, హారన్ మోగింది. లాంచీలో పిన్ని మిగిలిన పులిహోర ఆయన చేతిలో పెట్టి, "తిట్టానని మనసులో పెట్టుకోమాకయ్యా" అంది. ఆయన నవ్వి, తింటూ, ఇంకో మాట చెప్పాడు.

"పొద్దు పొడవటం చూడాలంటే దీవికి రామాకండి. మొదటి లాంచీ వచ్చేలోపే పొద్దు బారెడెక్కిద్ది. మాఘంలో మన రేవుకాడికే ఆరింటికల్లా రండి. పొద్దు మీ వెనకమాల పొడిచిద్ది, తిరగమాకండి. నీళ్ళవైపే చూడండి. ముందు అవతల కొండల నెత్తిన ఎర్రబడిద్ది. ఆ ఎరుపు మెల్లంగా దిగి నీళ్ళలోకొచ్చిద్ది."

మాఘమాసం రాగానే ఒక తెల్లవారుజామున పిన్ని నా తలుపు కొట్టింది. ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. చలికి ఒకే దుప్పటి కప్పుకుని రేవు మెట్లమీద కూర్చున్నాం. ఆయన చెప్పినట్టే, కొండల కొసలు ఎర్రబడ్డాయి, ఎరుపు దిగింది, మా వీపులు వెచ్చబడ్డాయి. పిన్ని తిరగబోతే భుజం పట్టుకుని ఆపాను.

ఎండెక్కాక టీ తాగుతుంటే ఆయన డ్యూటీకి వచ్చాడు. మమ్మల్ని గుర్తుపట్టలేదు. రోజూ ఎంతమందిని చూస్తాడో! నేనే ఎదురెళ్ళి, "కార్తీకంలో గాలి లేచిన రోజు మీరు లాంచీ తియ్యలేదు. దణ్ణం పెట్టి పోదామని వచ్చాం" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. "దానికేముందమ్మా, గాలి తగ్గినాక తీశాగా" అంటూ తాళ్ళు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.