ఎర్రదేదో, ఆకుపచ్చదేదో

ఆ కంపెనీలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన చీటీలాయనే. యాభై రెండేళ్ళ మనిషి, బక్కపలచన, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు నల్ల పెన్నులూ ఒక చీటీల కట్టా ఉంటాయి. సర్వర్లను ఇనుప ర్యాకుల్లో బిగించి, వాటికి కేబుళ్ళు లాగడం ఆయన పని. సర్వర్ అంటే కంగారుపడాల్సిందేమీ లేదు, ట్రేలాగా పలచగా చేసిన పెద్ద కంప్యూటర్. అలాంటివి పద్నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి, మరలు బిగించి, వెనకనుంచి కేబుళ్ళు తగిలిస్తే ఒక ర్యాకు తయారు. ముందునుంచి చూస్తే ఏ ర్యాకైనా ముచ్చటగానే ఉంటుంది. పనివాడి బండారం వెనక తలుపు తీస్తేనే బయటపడుతుంది.

చీటీలాయన కట్టిన ర్యాకు వెనక తలుపు తీసినవాళ్ళు మాత్రం కాసేపు అలా చూస్తూ నిలబడిపోయేవాళ్ళు. ఒక్క కేబుల్ వంకరపోదు, ఒక్కటి ఇంకోదాని మీదికి ఎక్కదు. ప్రతిదానికీ రెండు చివర్లా చీటీ ఉంటుంది. అది ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంటుంది. ఈయనకి ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందిరా బాబూ అని అందరూ ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఆయనతోపాటే పనిచేసే బావమరిది, అంటే భార్య తమ్ముడు, మాత్రం ఊరుకునే రకం కాదు.

"ఇంట్లో ఉప్పు డబ్బాకీ చక్కెర డబ్బాకీ కూడా చీటీలు అంటిస్తావా బావా?"

"మీ అక్క నోటికి ఒకటి అంటిద్దామని చూస్తున్నానురా. సందు దొరకట్లేదు."

ఓపికా లేదు, పాడూ లేదు. అసలు సంగతి వేరే. చీటీలాయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. పక్కపక్కన పెట్టి ఏది ఏదంటే నోరు తెరుచుకుని చూడ్డమే. రంగు చూసి కేబుల్ని గుర్తుపట్టలేడు కాబట్టి రాసిపెట్టుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి లోకం శ్రద్ధ అంది. ఆయన కాదనలేదు. కాదంటే అసలు సంగతి చెప్పాలి కదా!

చెప్తే ఏమవుతుందో ఆయనకి చిన్నప్పుడే తెలిసొచ్చింది. బళ్ళో చెట్టు బొమ్మ వేసి ఆకులకి ఎర్రరంగు పూస్తే, వెటకారం చేస్తున్నావా అని మేష్టారు చెవి మెలిపెట్టాడు. ఇరవై మూడో ఏట బస్సు డ్రైవరు ఉద్యోగానికి వెళ్తే, రంగురంగుల చుక్కల పుస్తకం ముందు పెట్టి అందులో అంకె చదవమన్నారు. అంకె ఎక్కడుందో కనిపిస్తే కదా! ఇంటికొచ్చి ఖాళీలు నిండిపోయాయని నాన్నతో అబద్ధం చెప్పాడు. ఆ తర్వాత ఏ దరఖాస్తులోనైనా కంటిచూపు గురించి అడిగితే "బాగుంది" అనే రాశాడు. దూరపు అక్షరాలు చదవగలడు, సూదిలో దారం ఎక్కించగలడు. బాగుంది అనక ఏమంటాడు, చెప్పండి?

తెలిసిన మనిషి ఒక్కర్తే, భార్య. పెళ్ళయిన కొత్తలో పండిన టొమాటోలు తెమ్మంటే మూడుసార్లు వరసగా పచ్చివి తెచ్చాడు. మూడోసారి ఆవిడ సంచీ కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని అడిగేసరికి, చెప్పక తప్పలేదు. ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టు వెయ్యి అన్నాడు. ఆవిడ ఒట్టు వేసింది. సొంత తమ్ముడు అదే కంపెనీలో చేరి, వారానికి రెండుపూటలు ఇంట్లోనే భోంచేస్తున్నా నోరు విప్పలేదు. కడుపులో మాట దాచుకోవడం ఆవిడకి ఎంత కష్టమో ఆ ఇంటి గోడల్ని అడగాలి.

ఇలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి. అప్పుడొచ్చింది కొత్త మేడమ్. వయసు ముప్పై అయిదు దాటదు, మాట సూటి, పని గట్టి. చెడ్డది కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. వేడికి చీటీల జిగురు ఎండి, కాగితాలు ఊడి, ఫ్యాన్లలో పడుతున్నాయని ఆవిడ గమనించింది. చీటీలు బంద్ అంది. కరెంటు కేబుళ్ళకి రంగులు పెట్టింది. ప్రతి ర్యాకుకీ రెండు ప్లగ్గుల పట్టీలు ఉంటాయి. ఒకటి మామూలు కరెంటుది, రెండోది బ్యాటరీలది. మొదటిదానికి ఎర్ర కేబుళ్ళు, రెండోదానికి ఆకుపచ్చ కేబుళ్ళు. ప్రతి సర్వర్‌కీ ఎర్రదొకటి, ఆకుపచ్చదొకటి తగిలించాలి. ఒక లైను పోయినా రెండోది సర్వర్‌ని నిలబెడుతుంది.

"చిన్నపిల్లలు కూడా పొరపాటు చెయ్యలేరు," అంది మేడమ్. చీటీలాయన చెయ్యి జేబులోని చీటీల కట్ట మీదికి పోయింది. "బాగుందమ్మా," అన్నాడు.

ఆ పద్ధతిలో చేసిన మొదటి పని ఒక పెద్దాసుపత్రిలో. రెండో అంతస్తులో, ల్యాబు పక్కన ఇరుకు గది. ఒక్క ర్యాకు, పద్నాలుగు సర్వర్లు. అవి ఆసుపత్రి వాడుతున్నవే. ఒక్కొక్కదాన్నే పాతగది నుంచి తెచ్చి, బిగించి, వెంటనే నడిపించాలి. సాయంత్రం నాలుగింటికి మేడమ్ వచ్చి, ఒక లైనులో కరెంటు ఆపేసి, అన్నీ నిలబడ్డాయో లేదో చూస్తుంది.

చీటీలాయన రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయంతో వచ్చాడు. భార్య కుట్టుపెట్టెలోంచి దారపుండ తెచ్చుకున్నాడు. బావమరిది ముందురోజే రంగులు చూసి పట్టీలకి కేబుళ్ళు గుచ్చిపెట్టాడు. మామూలు కరెంటు పట్టీ ఎడమవైపుదని వాడి మాటల్లో విన్నాడు. దానికి గుచ్చిన ప్రతి కేబుల్‌కీ రెండో చివర సన్నగా ఒక దారం చుట్టాడు. తర్వాత అన్నిటినీ కలిపి ఒకే మోపుగా ప్లాస్టిక్ ట్యాగులతో బిగించాడు. ఇక సర్వర్ల దగ్గర దారం ఉన్నదొకటి, లేనిదొకటి. భోజనాల వేళకి పైనుంచి తొమ్మిది పూర్తయ్యాయి. ప్రాణం కుదుటపడింది.

భోజనం చేసి వస్తుంటే ల్యాబు కిటికీ ముందు వరస. అందులో ఒక ముసలావిడ ఈయన మెడలో కార్డు చూసి, ఆసుపత్రి మనిషే అనుకుంది.

"నాయనా, మా ఆయన రక్తం రిపోర్టు ఎప్పుడొస్తుంది? అది చూస్తే గానీ మందు మార్చనంటున్నారు."

"వస్తుందమ్మా, కాసేపట్లో వచ్చేస్తుంది," అన్నాడు.

గదిలోకి అడుగుపెట్టేసరికి బావమరిది చేతులు దులుపుకుంటూ నవ్వుతున్నాడు.

"బావా, ఎవడో పనికిమాలినవాడు కేబుళ్ళకి దారాలు చుట్టాడు. మేడమ్ చూస్తే చంపేస్తుందని అన్నీ పీకి పారేశా. పాతగదిలో ఇంకా అయిదు సర్వర్లున్నాయిగా, తెస్తానుండు."

చీటీలాయన ర్యాకు వెనక్కి వెళ్ళి చూశాడు. మిగిలిన అయిదు సర్వర్లకి రావాల్సిన పది కేబుళ్ళు ఆయన ముందు వేలాడుతున్నాయి. పదీ ఒకటే. లాగి చూద్దామంటే మోపు గట్టిగా బిగిసి ఉంది, ఏదీ కదలదు. విప్పి మళ్ళీ మొదలుపెట్టేంత పొద్దు లేదు. "ఒరేయ్, వీటిలో ఎర్రవేవిరా?" అని ఒక్క మాట అడిగితే పని అయిపోయేది. ఆ ఒక్క మాటే గొంతు దాటలేదు. కళ్ళజోడు మర్చిపోయానని చెబుదామనుకుంటే, అది ముక్కు మీదే ఉంది.

చివరికి ఒక్కో కేబుల్నీ ట్యూబులైటు కిందికి వంచి, కాస్త ముదురుగా అనిపించింది ఎర్రదనుకుని, తేలిగ్గా అనిపించింది ఆకుపచ్చదనుకుని తగిలించేశాడు. అయిదూ వెలిగాయి. వెలగక ఏం చేస్తాయి? రెండు కేబుళ్ళూ ఒకే పట్టీవైనా వెలుగుతాయి. ఆ పట్టీ పోయినప్పుడు కదా తెలిసేది!

సరిగ్గా నాలుగింటికి మేడమ్ వచ్చింది. వెనకాలే గోడలో లైన్లు వేసిన ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఎక్కువ మాట్లాడడు, కనుబొమ్మలు నెరిసిన మనిషి. మేడమ్ ర్యాకు వెనక తలుపు తీసి చూసి, "చక్కగా ఉంది," అంది. పన్నెండో సర్వర్‌ని చూపించి, "ల్యాబు ఫలితాలు వార్డులకి పంపేది ఇదేగా? ఇది ఒక్క నిమిషం ఆగినా మన పరువు పోతుంది," అంటూ మామూలు కరెంటు స్విచ్చి మీద చెయ్యి వేసింది.

చీటీలాయనకి కిటికీ దగ్గరి ముసలావిడకి తను చెప్పిన మాట గుర్తొచ్చింది.

"ఆగండమ్మా," అన్నాడు.

మేడమ్ ఆగింది.

"కింది అయిదూ ఎలా తగిలించానో నాకే తెలీదు. నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా కనిపించదు."

బావమరిది పకపకా నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఎప్పట్నుంచి?" అంది మేడమ్.

"పుట్టినప్పట్నుంచి."

"అక్కకి తెలుసా?" అన్నాడు బావమరిది.

"తెలుసు. నేనే ఒట్టు వేయించుకున్నాను."

"ఇద్దరూ కలిసి నన్ను పరాయివాణ్ణి చేశారన్నమాట," అని గొణుక్కుంటూ వాడు ర్యాకు వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టార్చి వేసి ఒక్కో సర్వర్నీ చూసుకుంటూ కిందికి వెళ్ళాడు. పది బాగుంది. పదకొండు బాగుంది. పన్నెండో దాని దగ్గర టార్చి ఆగింది.

"రెండూ ఎర్రవే బావా."

దాని కిందిదానికి రెండూ ఆకుపచ్చవి. బావమరిదే వాటిని మార్చాడు. మేడమ్ మొహంలో కోపం ఉందో ఇంకేముందో తెలియలేదు. "రేపు పొద్దున ఆఫీసులో కలవండి," అని మాత్రం అంది. చీటీలాయన తల ఊపాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ పని, చేతకానివాడిలా చేతులు కట్టుకుని నిలబడి ఉండగా ముగిసిపోతోందని ఏడుపొచ్చింది గానీ, ఆపుకున్నాడు. మేడమ్ మళ్ళీ స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"మేడమ్, అది ఇప్పుడే తిప్పకండి."

ఈసారి మాట్లాడింది ఎలక్ట్రీషియన్. చేతిలో టెస్టర్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"పట్టీల్ని గోడలో లైన్లకి కలిపింది నేను. గోడలోనూ అవే రంగులు పెట్టమన్నారు మీరు. రెండింట్లో కరెంటు ఉందని చూశాను గానీ, రెండూ ఒకే లైనుకి పడ్డాయేమో చూడలేదు. నాకూ అన్నకున్నదే ఉంది మేడమ్. మా ఇంట్లో కూడా తెలీదు."

మేడమ్ అక్కడున్న అట్టపెట్టె మీద కూలబడింది. ఒకసారి ఎలక్ట్రీషియన్‌ని, ఒకసారి చీటీలాయన్ని చూసింది. తర్వాత అనుమానంగా బావమరిది వైపు తిరిగింది.

"నాకు బాగానే కనిపిస్తాయండీ!" అన్నాడు వాడు గబగబా.

ఆవిడకి నవ్వొచ్చింది. "ఆ రంగులు పెట్టేముందు మిమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది నేను," అంది. "రేపు ఆఫీసుకి ఇద్దరూ రండి. మిమ్మల్ని తీసేసి నేనేం చేసుకోను? కరెంటు పని దగ్గర రంగు చూసి చెప్పే మనిషి పక్కన లేకుండా మాత్రం ఇద్దరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. ముందు ఆ గోడ పెట్టె తెరవండి."

గోడ పెట్టె తెరిచి చూస్తే లైన్లు సరిగ్గానే ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ అదృష్టం. మేడమ్ స్విచ్చి కట్టేసింది. పద్నాలుగు సర్వర్లలో ఒక్క దీపం కూడా ఆరలేదు. బావమరిది అక్కకి ఫోను చేసి పోట్లాడుతూ వరండాలోకి వెళ్ళాడు. మేడమ్ ఆసుపత్రివాళ్ళకి చెప్పడానికి కిందికి దిగింది.

గదిలో ఇద్దరే మిగిలారు. ఎలక్ట్రీషియన్ నేల మీద మిగిలిపోయిన రెండు కేబుళ్ళు, ఎర్రదొకటీ ఆకుపచ్చదొకటీ, తీసుకొచ్చి చీటీలాయన పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఇవి నీకెలా కనిపిస్తాయి?"

ఆ ప్రశ్న చీటీలాయనని అంతవరకూ ఎవరూ అడగలేదు. ఇదేం రంగు చెప్పు చూద్దాం అన్నవాళ్ళే గానీ, నీకెలా ఉంది అన్నవాళ్ళు లేరు. చాలాసేపు చూసి చెప్పాడు.

"వాన వెలిశాక మట్టి ఉంటుంది చూడు, అలా."

"అవును," అన్నాడు ఎలక్ట్రీషియన్. "నాకూ అలాగే ఉంటుందన్నా. అచ్చం అలాగే."

చీటీలాయన ఇక ఏడుపు ఆపుకోలేదు.