దోనె మీది జాలీ

మా ఊరు లింగాల ఘనపూర్ మండలంలో ఉంది. పాత పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని తర్వాత వేసిన రేకుల వంటిల్లు. రెండు కప్పులూ కలిసే చోట వాననీళ్లు పోవడానికి జానెడు వెడల్పున రేకు దోనె ఉంటుంది. పెరట్లోని వేపచెట్టు సరిగ్గా ఆ దోనె మీదికే వంగింది. ఆకు, పుల్ల, పండు, ఏది రాలినా అందులోకే. చెత్త అడ్డం పడితే నీళ్లు గోడలోకి దిగేవి. మట్టిగోడ నానితే పెచ్చులు ఊడిపడేవి. అందుకని బాపు ఏటా మృగశిర కార్తెకు ముందు నిచ్చెన వేసుకుని ఎక్కి, పిడికిళ్లతో ఆకు తీసి కింద పోసేవాడు. మోకాళ్లు నొస్తున్నాయని అంటూనే ఎక్కేవాడు. వద్దంటే వినే రకం కాదు. ఆ మొండితనమే నాకూ వచ్చిందని నన్ను కన్న అవ్వ అంటుంది. నా నోరు మాత్రం ఎవరి పోలికో ఆమెకు ఇప్పటికీ తెలియదట.

ఈ ఏడు వానలకు ముందు బాపు స్టేషన్ ఘన్‌పూర్ పోయి ఇనుప జాలీ చుట్ట తెచ్చాడు. దోనె పొడుగునా పరిచి, కోతులు పీకకుండా తీగతో బిగించి కట్టాడు. నీళ్లు కిందికి దూకే కొసను మాత్రం తెరిచి వదిలాడు, అక్కడ కూడా మూస్తే ధార సరిగా పడదని. జనగామలో ఉండే అన్నకు ఫోను చేసి, "ఇగ నిచ్చెనతోని పనిలేదురా" అని గొప్పగా చెప్పాడు. గార్లలో కాపురముంటున్న నాకు ఫొటో పంపాడు. ఆ ఫొటోలో జాలీ కంటే ఆయన వేలే ఎక్కువ కనిపించింది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం బాపు పోయాడు. అన్నం తిని మంచం మీద ఒరిగాడు, అంతే. గోడకు అవతల వంటింట్లో అవ్వ గిన్నెలు సర్దుకుంటూ ఉంది. చాయ్ తీసుకుని వచ్చేదాకా ఆమెకు సంగతి తెలియదు. నేను గార్ల నుంచి వచ్చేసరికి ఆమె ఏడవడం లేదు. పరామర్శకు వచ్చినవాళ్లందరినీ ఒకటే అడుగుతోంది.

"నన్ను పిలిచిండంటవా? పిలిస్తె నాకు ఇనవడకపోయెనా?"

"లేదే అవ్వా, నిద్రల్నే పోయిండు" అన్నాం. ఆమె తల ఊపేది. ఇంకొకరు గడపలో అడుగు పెట్టగానే మళ్లీ అదే అడిగేది.

మరునాడు మట్టి చేసి వచ్చాక, ఏడ్పులూ డప్పులూ ఆగి ఇల్లు సద్దుమణిగింది. ముసురు పట్టి పట్టపగలే మసకేసింది. అప్పుడు విన్నాం ఆ చప్పుడు. బాపు పడుకునే మూలకు సరిగ్గా పైన, రేకును గోరుతో గీకినట్టు. గీకడం, ఆగడం, మళ్లీ గీకడం. వాన పెరిగితే వినపడదు. తగ్గితే మళ్లీ అక్కడే ఉంటుంది.

"పిలుస్తున్నట్టు లేదా?" అంది అవ్వ.

"ఎలుకనే" అన్నాడు అన్న. ఉడుత అన్నాను నేను. బాపు తమ్ముడు, మా చిన్నాయన, ఎలుకేనని తీర్పు చెప్పాడు. అవ్వ మాత్రం ఆ మూల నుంచి లేవలేదు, మెడ ఎత్తి పెంకుల వైపే చూస్తూ కూర్చుంది. నాకు కోపం వచ్చింది.

"బాపు పిలిస్తె నోటితోని పిలుస్తడు గని గోర్లతోని పిలుస్తడానే?" అని కసిరాను.

అన్నానే గాని, నేనూ చెవులు రిక్కించాను. ఎలుకైతే పరుగెత్తాలి. ఉడుతైతే కిచకిచలాడాలి. ఇది ఉన్నచోటు నుంచి కదలడం లేదు. ఆ సాయంత్రమంతా కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతూ కావాలని చప్పుడు చేశాను. నాకు భయమైంది, ఇంకేం లేదు.

మూడో నాడు పిట్టకు పెట్టాలి. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి గోడ మీద ఉంచుతాం. కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. కాకి రాలేదంటే ఆయనకు తీరని కోరిక ఏదో ఉందన్నమాట. అన్నం, నాటుకోడి కూర, గారెలు, గ్లాసెడు కల్లు, బీడీ కట్ట పెట్టి అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం.

ఒక్క కాకి రాలేదు. రోజూ వేపచెట్టు మీద గోలగోల చేసే కాకులు ఆ చెట్టును వదిలేసి, ఎదురింటి కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి. మా ఇంటి వైపే చూస్తున్నాయి. కూర వాసన వాటికి తగలకుండా ఉండదు. అయినా ఒక్కటి కూడా అరవలేదు, కదలలేదు.

ఇలాంటప్పుడు కోరిక ఏమై ఉంటుందో ఊహించి తీరుస్తామని మాటివ్వాలి. అన్న చేతులు జోడించి, "అవ్వను నా తాననే ఉంచుకుంట బాపూ" అన్నాడు. బాపుతో పొలం గట్టు తగాదా ఉన్న చిన్నాయన ముందుకొచ్చి, "బాయికాడి గెట్టు పంచాది ఇడిసిపెడ్తున్ననే అన్నా" అన్నాడు. నేను నోరు తగ్గించుకుంటానన్నాను. అది బాపు నమ్మే మాట కాదని నాకే తెలుసు. కాకులు అలాగే కూర్చున్నాయి.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అవ్వ షుగరు మనిషి. వేళకు తినకపోతే ఆగలేదు. చేతులు వణుకుతున్నాయి, మొహమంతా చెమట. చక్కెర నోట్లో వేయబోతే మూతి తిప్పుకుంది.

"ఆయన తినలే. నేనెట్ల తింట?"

"గిట్లనే ఉంటె ఈమె గూడ మనకు దక్కదు" అన్నాడు చిన్నాయన నా చెవిలో. బతిమాలాను, తిట్టాను, చివరికి ఆమె కాళ్లు పట్టుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"పైన సప్పుడు ఆగింది. జరసేపాయె, ఇనవడ్తలేదు."

అందరం తలలెత్తాం. నిజమే. అన్న గబగబా నిచ్చెన వేసి ఎక్కాడు. జాలీ కనపడకుండా వేపాకు చాపలా పరుచుకుని ఉంది. చేత్తో పక్కకు తోశాడు. తోసిన చేయి అక్కడే ఆగిపోయింది. తర్వాత కిందికి చూడకుండానే తీగ కోసే పటకారు అడిగాడు.

దిగేటప్పుడు భుజం మీది తువ్వాల మూట అయి చేతిలో ఉంది. నన్ను పెరటి వైపు తీసుకుపోయి విప్పి చూపించాడు. కాకి. రెక్కలు తడిసి ఒంటికి అతుక్కున్నాయి, ముక్కు పగిలి ఉంది.

"ఇంక ఎచ్చగనే ఉన్నదే" అన్నాడు.

తెరిచి వదిలిన కొసలోంచి పురుగు కోసమో, నీళ్ల కోసమో దూరి ఉంటుంది. పైన రాలిన ఆకు బరువుకు జాలీ కుంగి, వెనక్కి తిరగడానికి సందు లేకపోయింది. తోటి కాకి చచ్చే చోట మిగతావి వాలవు కదా. ఇదంతా నాకు తర్వాత తోచింది. అప్పుడు మాత్రం అవ్వకు తెలియకూడదన్న ఒక్క ఆలోచనే. కరివేపాకు చెట్టు వెనక గుంత తీసి పాతిపెట్టాం. చిన్నాయన జాలీ మొత్తం పీకి దూరంగా పారేశాడు.

కాసేపటికి కరెంటు తీగ మీంచి ఒక కాకి లేచింది. గోడ మీద వాలి, తల అటూ ఇటూ తిప్పి, గారె ముక్క నోట కరుచుకుంది. వెనకే ఇంకొకటి. చిన్నాయన బావురుమన్నాడు. అవ్వకు కంచంలో అన్నం, కూర పెట్టిచ్చాను.

ఆమె కంచం పట్టుకుని లేచింది. చేతులు కడుక్కోవడానికేమో అనుకున్నాను. ఆమె వణుకుతూనే పెరట్లోకి నడిచి, నేరుగా కరివేపాకు చెట్టు వెనక్కి పోయి, ఆ పచ్చిమట్టి పక్కన కూలబడింది. అన్న ఆపబోతే చెయ్యి పట్టుకుని నిలిపాను. కంచంలోని కూర ముక్కలన్నీ ఏరి మట్టి మీద పెట్టింది.

"ఆనాడంటె నాకు ఇనవడలేదయ్యా" అంది. "ఈపారి ఇనవడ్డది. ఎలుక అన్నరు. నేను నమ్మిన."

ఆ తర్వాత అక్కడే కూర్చుని ఉత్త అన్నం తిన్నది.